ఉప్పు పట్టిన ఒరుగులు

ఆదివారం, మదనపల్లె

కుప్పంలో ఉద్యోగం వచ్చింది, అక్కడే గది తీసుకుంటానంటే వారం రోజులుగా అమ్మది ఒకటే మాట. "వంట రాకుండా ఒక్కదానివే ఎట్లుంటావు?" ఈరోజు పరీక్షే పెట్టింది. అంగడికి పోకూడదు, ఇంట్లో ఉన్నవాటితోనే మధ్యాహ్నానికి వండాలి.

ఇంత టమోటాల ఊళ్లో ఉంటూ మా ఇంట్లో ఒక్క టమోటా లేదు. అటక మీద వెతికితే స్టీలు డబ్బాలో ఒరుగులు కనిపించాయి. రెండేళ్ల కిందట ధర పడిపోయినప్పుడు రామసముద్రంలో అవ్వ కోసి, ఎండబెట్టి పంపిన టమోటాలు. అందరం మరిచిపోయాం. వేడినీళ్లలో నానబెట్టి కందిపప్పులో వేశాను. ఎప్పటిలాగే ఉప్పూ వేశాను.

అమ్మ రుచి చూసి మొహం ముడిచింది. "మీ అవ్వ ఉప్పు పట్టించే గదమ్మే ఎండబెట్టేది. మళ్లా యాల ఏసినావు?"

కుప్పం పోయిందనుకున్నాను, ఒక్క నిమిషమే. వెంటనే చిటికెడు ఉప్పు కూడా లేకుండా రాగిసంగటి కెలికాను. ముద్దలో గుంత చేసి, పప్పు పోసి అమ్మ ముందు పెట్టాను.

రెండో ముద్ద తింటూ అడిగింది. "కుప్పంలో మంచి రాగిపిండి దొరుకుతాదా?"

"ఆడ అందరూ సంగటి తినేవాళ్లే గదమా."

అమ్మ పళ్లెం ఖాళీ చేసి లేచింది. ఒప్పుకున్నట్టా, కాదా అని సాయంత్రమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. ఇప్పుడు డైరీ కోసం బ్యాగు తెరిస్తే లోపల ఒరుగుల పొట్లం ఉంది. దాని మీద అమ్మ రాత: "మళ్లా ఉప్పు ఏసేవు."