పెరుగన్నం పిలుపు

కోసిగి,
ఉగాది ముందు శుక్రవారం

అమ్మా జ్యోతీ,

ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో నవ్వించబోతాను, అసలు మాట అట్లే ఉండిపోతుంది. అందుకే కాగితం పట్టినాను.

మంగంపేట గనుల దుమ్ము పడదని నీ బిడ్డ సుజనను నా దగ్గర వదిలి ఆర్నెల్లయింది. దాని ఒంటి మీది పుండ్లను ఊరు గజ్జి అంటుంది. అంటుకునే రోగం కాదని కర్నూలు డాక్టరు అంటాడు. ఆయన రాసిన మందు మూత తీస్తే తడిసిన కుక్క వాసన. అయినా దానితోనే ఒళ్ళు ఆరింది. చీమూ నెత్తురూ అంటుకున్న పక్కగుడ్డను పొద్దున్నే నీళ్లు చల్లి బిడ్డ వీపు నుంచి ఒలిచే పని తప్పింది. ఆ మందు రోగాన్ని అడ్డుకునే బలాన్ని తగ్గిస్తుందని, అమ్మవారు పోసిన ఇంటి గడప తొక్కనియ్యద్దని ఆయన నాకు మూడుసార్లు చెప్పినాడు.

పక్కింటి ఈరక్క మనవడికి అమ్మవారు పోసింది. బడిలో సుజనను వేరే కూర్చోబెట్టించింది ఈ ఈరక్కే. మూడో నీళ్లు పోసిన రోజు, తల్లి చల్లబడాలని వీధి పిల్లలకు పెరుగన్నం పెడతారు కదా. ఆమె మన వాకిట్లో నిలబడి, "మీ పాపను గూడ పంపు హనుమన్నా" అన్నది. ఆర్నెల్లలో మొదటి పిలుపు. సుజన అప్పటికే గౌను మార్చుకుంటోంది. డాక్టరు మాట నాకు గుర్తుంది తల్లీ. గుర్తుండే పంపినాను.

గోడ మీద నుంచి చూసినాను. అందరికీ స్టీలు తట్టలు. సుజనకు మాత్రం పైనుంచి దోసిట్లో జారవిడిచింది, కుక్కకు వేసినట్టు. పక్కనే ఆ పిల్లోడి చెల్లి, మొహం నిండా పచ్చి పొక్కులు. నాకు రోత పుట్టింది. ఈరక్కను చూసి కొంత. పిలిచిందని మురిసిన నన్ను తలచుకుని శానా.

మరుసటి పొద్దున్నే కర్నూలు పోయినాము. "చదువుకోలేదా నువ్వు?" అన్నాడు డాక్టరు. "అయిదు దాకా సార్, ఈ పాఠం ఆరులో ఉంటుందేమో" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ మందు ఆపి, వేరే మందిచ్చి, మూడు వారాలు కనిపెట్టుకుని ఉండమన్నాడు. పొక్కు లేస్తే ప్రాణం మీదికి రావచ్చట.

వచ్చి తీసుకుపోతావో, నా దగ్గరే ఉంచుతావో నీ ఇష్టం.

నీ నాయన
హనుమన్న

*

కోసిగి,
మే నెల, మంగళవారం

అమ్మా జ్యోతీ,

మూడు వారాలు దాటినా పొక్కు లేవలేదని ఫోన్లో చెప్పినాను. చెప్పనిది ఒకటుంది. మందు ఆపిన పది రోజులకే ఒళ్ళంతా తిరగబెట్టింది. పక్కగుడ్డ మళ్ళీ ఒలిచినాను. ఈసారి ఆ చీమూ నెత్తురూ నా వల్లే. ఇప్పుడు మందు మళ్ళీ మొదలుపెట్టి నెల, మోచేతులు ఆరినాయి.

మొన్న ఈరక్క, "మీ పాపకు అమ్మవారు రాలేదే, ఆ యమ్మకు గూడ అసయ్యమేమో" అన్నది. "ఆ యమ్మ మర్యాదస్తురాలు ఈరక్కా. నీ వడ్డన చూసి ఎలబారి పోయింటాది" అన్నాను.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. నాలుగు పేజీల తిట్లుంటాయని, అన్నం తిని, బలం కూడగట్టుకుని విప్పినాను. రెండు ముక్కలు: "నాయినా, నేనున్నా పంపేదాన్నే. పాప నీ కాడే ఉండనీ."

ఇది రాస్తుంటే సుజన నా వీపు గోకుతోంది. దురద లేదంటే వినదు. తన గోళ్ళకు ఇప్పుడు పని లేదట.

నీ నాయన
హనుమన్న