పళ్ళెం నిండింది, అత్తయ్యా

అక్కా, నా బంగారు అక్కా,

నా రాత చూసి బావగారు నవ్వితే నవ్వనీ. ఐదో తరగతితో ఆగిన చెయ్యి ఇది. ఒత్తులన్నీ తప్పులే ఉంటాయి, అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. కూడబలుక్కుని చదువుకో. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను ఊఁ అనడం తప్ప ఇంకేం అంటానో నీకు తెలియంది కాదు.

మా ఆయన వల్ల నాకేం ఇబ్బంది లేదు. పొద్దున్నే వ్యాను తీసుకుని వెళ్తారు, చీకటి పడ్డాక వస్తారు, వండింది తిని బాగుందంటారు. నా బాధంతా అత్తయ్యగారి గురించే. ఆవిడ ఆసుపత్రిలో బట్టలుతికే చోట పనిచేస్తారని నీకు తెలుసుగా. ఆ పనితనం చూడాలక్కా. దుప్పటిని ఒక్క విదిలింపు విదిలిస్తే అది గాలిలో నిలబడి, ఆవిడ చెప్పినట్టు విని, నాలుగు మడతలై ఒళ్ళో కూర్చుంటుంది. మరక వంక ఒకసారి చూసి ఇది మందు, ఇది నెత్తురు, ఇది టీ అని చెప్పేస్తారు. నేను గుమ్మం పక్కన నిలబడి అలాగే చూస్తుండిపోతాను.

ఆ ఇష్టంతోనే కొత్తలో ఒకరోజు, ఆవిడ బట్టలు మడుస్తుంటే దగ్గరికి వెళ్ళి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అడిగాను. నన్నూ మీతో పనికి తీసుకెళ్తారా, నాకూ నేర్పుతారా అని. అవుననలేదు, కాదనలేదు. చేతిలో దుప్పటి పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నారు. ఆ రోజు నుంచీ అంతే. వెనక నుంచి పిలిస్తే తిరగరు. టీ పెట్టనా అంటే గిన్నెలు సర్దుకుంటారు. "ఈ పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టుకుందా" అని మా ఆయనతో అంటారు. "మా అమ్మ అంతే, మనసులో పెట్టుకోకు" అంటారాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు.

బట్టల మిషను నీళ్ళు వదిలేటప్పుడు గరగరలాడుతోందని అత్తయ్యగారికి మొన్న చెప్పాను, నిన్నా చెప్పాను. ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ అది కడుపునిండా నీళ్ళు మింగి, వదలనని కూర్చుంది. లోపల ఆవిడ రేపు వేసుకోవాల్సిన యూనిఫాం. పాడుచేసింది నేనే అంటారు. అనిపించుకుంటూ ఇక్కడ ఉండలేను. ఆదివారం బావగారిని పంపు. వచ్చానంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను. పెద్దావిడ మీద ఇన్ని మాటలు రాశాను, చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యి. మర్చిపోకు.

నీ చెల్లి,
బుల్లి

* * *

అక్కా, మళ్ళీ నేనే,

ముందు సంగతి ముందు చెప్తాను. ఆదివారం బావగారిని బయల్దేరొద్దను.

నిన్న నీ ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు మిషను ముందు కూర్చుని, అద్దంలోంచి నీళ్ళలో తేలుతున్న యూనిఫాం చూస్తున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ప్లగ్గు పీకి, పాత తువ్వాళ్ళు తెమ్మన్నారు.

మిషను కింద మూలన అరచెయ్యంత మూత ఉంటుందే, అది అందానికి పెట్టారని అనుకున్నాను ఇన్నాళ్ళూ. చెంచా కాడతో దాన్ని తీశారు. లోపల గుండ్రటి బిరడా. అదే ఫిల్టరు. గబుక్కున తిప్పితే డ్రమ్ములో నీళ్ళన్నీ ఇంట్లోకి వచ్చేస్తాయి. అందుకని కిందికి పల్చటి పళ్ళెం తోసి కొంచెం కొంచెం తిప్పాలి. పళ్ళెం నిండగానే బిగించి, పారబోసి, మళ్ళీ తిప్పాలి. అది నేలకి ఎంత దగ్గరంటే, కూర్చుని చేసే పని కాదు. అత్తయ్యగారు చెంప నేలకానించి పడుకున్నారు. నన్ను ఎదురుగా పడుకుని తువ్వాళ్ళు రెండు చేతులా అదిమి పట్టుకోమన్నారు.

పళ్ళెం నిండింది. చెప్పాను. ఆవిడ చూపు బిరడా మీదే ఉంది. మళ్ళీ చెప్పాను. నీళ్ళు పొర్లి నా జాకెట్టు చేతిలోకి పాకాయి. ఇంక లాభం లేదని మోచేత్తో పొడిచాను. ఆవిడ నా వైపు చూశారు. జానెడు దూరంలో రెండు మొహాలు. ఎప్పటిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే చేతులు తువ్వాళ్ళ మీద ఉన్నాయి. తల దించుకుందామంటే తల అప్పటికే నేల మీద ఉంది. "పళ్ళెం నిండింది, అత్తయ్యా" అన్నాను.

ఆవిడ చటుక్కున బిరడా బిగించారు. లేవలేదు. నా నోటి వంకే చూస్తూ, "ఇంకో మాట చెప్పు" అన్నారు.

ఏం చెప్పాలో తోచక, "తువ్వాలు తడిసిపోయింది" అన్నాను.

"తువ్వాలు తడిసిపోయింది," అని పాఠం ఒప్పజెప్పినట్టు తిరిగి అన్నారు. కళ్ళలో నీళ్ళు. "నాకు వినపడదమ్మాయ్. పెదాలు చూసి పోల్చుకుంటాను. మావాడి పెదాలు నాకు కంఠతా వచ్చు. నువ్వు మాట్లాడితే నాకు పాపిడి కనిపిస్తుంది. పాపిడి చూసి ఏ మాటని పోల్చుకోను?"

ఆసుపత్రిలో బట్టలుతికే పెద్ద మిషన్ల హోరు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వినికిడిని తినేసిందట. కొడుక్కి తెలిస్తే పని మాన్పిస్తాడని ఎవరికీ చెప్పలేదట. రోగుల మాసిన బట్టలు ముట్టుకునే మనిషని నాకు తనంటే రోత అనీ, అందుకే తలెత్తి చూడననీ అనుకున్నారట. విన్నావా అక్కా. నిన్న రాసిన శంఖం మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

నీళ్ళన్నీ పోయాక ఫిల్టరు బయటికి లాగారు. పీచూ వెంట్రుకలూ కలిసి ముద్దయి ఉంటే, తోక పట్టుకుని ఎత్తి "ఎలుకపిల్ల" అన్నారు. నేను పైకి నవ్వాను. ఆ నవ్వునీ చూశారు. ఫిల్టరు పంపు కింద కడిగాక, ఆ కన్నంలోకి వేలు పోనిచ్చి లోపలి రెక్కల చక్రాన్ని తిప్పి చూశారు. ఇంకా ఏదో అడ్డుపడుతోందన్నారు. కంటికి ఆనదు. వేలి కొసతో వెతికి, వెతికి బయటికి తీశారు. నా తల పిన్ను. నేను ముడుచుకుపోయాను. ఆవిడ దాన్ని తుడిచి నా జుట్టులో గుచ్చి, "పారేసుకోకు" అన్నారు.

బిరడా బిగించి మిషను మళ్ళీ ఆడించారు. పక్కన అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "ఇప్పుడు హాయిగా వదులుతోంది" అన్నారు. నేను చెవితో విన్నదే ఆవిడ అరచేత్తో విన్నారు. పనిచోట కూడా అంతేనట. ఏ మిషను ఎప్పుడు మొరాయిస్తుందో అందరికంటే ముందు ఆ చేతికే తెలుస్తుందట. అలాంటి చెయ్యి నేను ఎక్కడా చూడలేదక్కా.

అప్పుడు అడిగారు. "కొత్తలో, నేను దుప్పట్లు మడుస్తుంటే ఏదో అడిగావు. మళ్ళీ చెప్పమంటే నా చెవుడు బయటపడుతుందని ఊరుకున్నాను. ఏమడిగావు?"

తడిసిన తువ్వాళ్ళు పోగుచేసుకుని లేచాను. తర్వాత చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు. ఆవిడ దాచుకున్న సంగతి ఇందులో ఉంది, దీన్నీ కాల్చెయ్యి.

నీ బుల్లి

* * *

అక్కా,

అత్తయ్యగారు కొడుక్కి తనే చెప్పేశారు. అన్నం తింటుంటే, ఉన్నట్టుండి, "నాకు వినపడదురా" అన్నారు. మా ఆయన ముద్ద కిందపెట్టారు. "నీతో మాట్లాడాలంటే నీకు ఎదురుగా వచ్చి ఎందుకు నిలబడతాననుకున్నావమ్మా?" అన్నారు. ఆయనకి ఎప్పటి నుంచో తెలుసట. అమ్మ దాచుకున్న మాట అమ్మే చెప్పాలని ఊరుకున్నారట. తర్వాత నా వైపు తిరిగి, నీకైనా చెప్పి ఉండాల్సింది, తప్పయిందన్నారు. పని మానమని మాత్రం అనలేదు.

ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగననిపించింది. తలెత్తి, నోరు బాగా తెరిచి అడిగాను. నన్నూ మీతో పనికి తీసుకెళ్తారా, నాకూ నేర్పుతారా అని.

అత్తయ్యగారు నా పెదాలు ఆఖరి మాటదాకా చూశారు. చూసి, అన్నం కలుపుకుంటూ, "జుట్టు గట్టిగా ముడేసుకుని రా. పిన్నులు పెట్టావంటే గేటు దగ్గరే ఆపేస్తాను" అన్నారు.

ఇవాళ నాకు అక్కడ మొదటి రోజు. అత్తయ్యగారు తన సంగతి అక్కడ పెద్ద మేడమ్‌కి కూడా చెప్పేశారు. మిషను తలుపు తెరుచుకునే ముందు గంట మోగితే, నేను ఆవిడకి ఎదురుగా వెళ్ళి చెప్పాలి. మొదటిసారి దుప్పటి విదిలిస్తే అది నా తల మీదే పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఈ ఉత్తరం కాల్చొద్దు. అంతకుముందువి ఇంకా ఉంటే వాటినీ ఉంచు. అమ్మకి చదివి వినిపించు, తల పైకెత్తి, గట్టిగా.

నీ చెల్లెలు,
బుల్లి