ఊరేగింపులో కలవకూడని బూడిద రంగు బండి

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా పాత బండ్ల ఊరేగింపు సెలవుల కానుకలతో బయల్దేరుతుంది. ముందు నడిచే జీపులో, డ్రైవరు పక్క సీట్లో, కన్నకూతురి దరిదాపులకు వెళ్లకూడదని కోర్టు ఆదేశించిన మనిషి కూర్చుంటాడు. ఆ సీటు అతనికిచ్చింది నా చెల్లెలి భర్త, మా మరిది. ఎవరికిచ్చాడో ఆయనకు తెలియదు.

ఇది ముందు రాసి నా సంగతి తర్వాత రాయడం పద్ధతి కాదని మా వకీలుగారు అన్నారు. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. ముఖ్యమైనది మొదట రాయడం తప్ప నాకు వేరే పద్ధతి చేతకాదు.

ఇక నా సంగతి. అరవై ఆరేళ్లదాన్ని, అవివాహితను, రిటైరైన రిపోర్టరును. రేపు గుండెకు ఆపరేషను. మత్తుమందు ఇంకా ఇవ్వలేదు, మతి నా చెప్పుచేతల్లోనే ఉంది, ఎవరూ నా చేయి పట్టుకుని రాయించడం లేదు. నా స్వార్జితమైన చరస్థిరాస్తులు నా తదనంతరం కింది విధంగా చెందాలని ఈ ఆసుపత్రి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు.

1. ఈ వీలునామాకు అమలుదారు మా వకీలుగారు. నేను పోయిన కబురు అందగానే దీన్ని తెరిచి నా చెల్లెలి కూతురికి మొత్తం చదివి వినిపించాలి. మా మరిదికి ఆదివారం మధ్యాహ్నం దాటేవరకు నాలుగో అంశం తప్ప మరేదీ వినిపించరాదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నోరు మూయించినా ముఖం చెప్పేస్తుంది. ఆ మనిషికి అనుమానం వస్తే జీపు దిగి వెళ్లిపోతాడు, ఆపైన ఎక్కడ వెతుకుతాడో మనకు తెలియదు.

2. అమలుదారు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

మాది పాత బండ్లంటే పడిచచ్చేవాళ్ల సంఘం. కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక, కోర్టు ఆదేశంతో వేరే కుటుంబాల సంరక్షణలో ఉంటున్న పిల్లలకు ఏటా సెలవుల్లో కానుకలు తీసుకెళ్తాం. ముందురోజు మధ్యాహ్నం నుంచి షెడ్డులో బండ్లు తోమడమే పని. ఎవరి బండి ఎక్కువ మెరిస్తే వారిది గొప్ప. ఇంటి ముందు ఆగి హారన్లు కొడతాం. పిల్లలు బయటికొచ్చి తమ చేత్తో ఒకసారి హారన్ కొట్టాకే కానుక చేతికిస్తాం.

పోయిన ఏడు మా మరిది నా మోటారుసైకిలు హెడ్‌లైటును దగ్గరగా ఫోటో తీసి ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా పెట్టాడు. క్రోమియం అంచు అద్దంలా ఉంది. అందులో ఒక గేటు, ఎదురుగా ఉన్న మందుల కొట్టు, గేటు పట్టుకుని నిలబడ్డ పిల్ల కనిపించాయి. మెరుపు భలే ఉందని మెచ్చుకున్నవాళ్లెవరూ అవి చూడలేదు. పిల్ల తండ్రి చూశాడు. వారం తిరక్కుండా ఆ మందుల కొట్టు ముందు నిలబడ్డాడు. పిల్ల కిటికీలోంచి అతన్ని చూసింది. ఆ సాయంత్రమే ఆమెను మరో ఇంటికి మార్చారు. అత్తా అని పిలుచుకునే ఆ ఇంటావిడ దూరమైంది, బడి పోయింది. సామాను చెత్త సంచిలో వెళ్లింది.

నేను కడిగేస్తే మా మరిది ఒకటే మాట అన్నాడు: "వదినా, నేను బండినే తీశాను." అది నిజమే. ఆయనకు ఎప్పుడూ బండే కనిపించింది.

పోయిన శనివారం ఎవరో కొత్తాయన షెడ్డుకొచ్చి కార్బ్యురేటరు గురించి గంటసేపు మాట్లాడాడట. మావాళ్లతో స్నేహానికి అంతకన్నా అర్హత అక్కర్లేదు. మా మరిది టీ ఇప్పించి, ఆదివారం తన జీపులో రమ్మని పిలిచి, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకుని నాకు పంపాడు. "చూశావా వదినా, ఈ కాలంలో కూడా ఇంజను తెలిసినవాళ్లున్నారు" అని కింద రాశాడు. ఆ మనిషిని గుర్తుపట్టాను, ఆ పిల్ల తండ్రే. ఉద్యోగంలో నేను చివరిగా రాసిన కేసు అతనిదే. భార్య చేయి విరగ్గొట్టాడు. అడ్డం వచ్చిన నాలుగేళ్ల కూతుర్ని గోడకేసి నెట్టాడు.

సంక్షేమ అధికారిణికి, ఇన్‌స్పెక్టరుగారికి ఫోన్ చేశాను. జీపులో కూర్చోవడం నేరం కాదన్నారు ఇన్‌స్పెక్టరు. సంరక్షణలో ఉన్న పిల్లల కార్యక్రమాలకు రాకూడదని కూడా ఆదేశంలో ఉంది కాబట్టి, అక్కడికి వస్తే మాత్రం దాన్ని మీరినట్టే. అందుకని ఈసారి ఊరేగింపు ఇళ్లకు పోదు. ఒక మైదానం గేటు దగ్గరికి వెళ్తుంది. అక్కడ మామూలు బట్టల్లో పోలీసులుంటారు. ఆ మనిషిని తీసుకెళ్లాకే మిగతా పిల్లల బస్సు వస్తుంది. దారిలో అతను దిగిపోకుండా చూడటానికి మా మరిదిని మించినవాళ్లు లేరు. ఆయన కార్బ్యురేటరు ఎత్తుకుంటే ఎదుటివాడికి తుమ్మడానికి కూడా సందు దొరకదు.

3. నా మోటారుసైకిలు, దానికి బిగించిన పక్కబండి (సైడ్‌కారు)తో సహా, నా చెల్లెలి కూతురికి చెందాలి. సిటీ బస్సు నడిపే పిల్ల. రద్దీలో ఎవరెన్ని తిట్టినా తిరిగి తిట్టదు, దారి తప్పదు. మా ఇంట్లో ఆ రెండూ చేయగలిగింది ఆమె ఒక్కతే.

అమ్మాయీ, తాళంచెవి నీ దగ్గరే ఉంది. బండి శనివారం మధ్యాహ్నంలోగా షెడ్డు దాటాలి. గేరు వేసి క్లచ్ వదలగానే పక్కబండి వైపు లాగుతుంది, బెదరకు. ఆ వైపు మలుపు తిరిగేటప్పుడు పక్కచక్రం లేస్తుంది, ఇసుక సంచి వేసుకో. ఇది నీ బస్సు కాదు, మెల్లగా పో.

ఆదివారం ఉదయం అధికారిణి నీకు చిరునామా నోటితో చెబుతుంది. పిల్ల పేరు గాని, వీధి గాని ఇందులో రాయను. వీలునామా ఒకనాటికి కోర్టు కాగితం అవుతుంది. కోర్టు కాగితాలు తిరగేసి బతికినదాన్ని, వాటిని ఎవరైనా తిరగేయగలరని నాకు తెలుసు.

వేరే బండి మీద వెళ్లకూడదు. వేసవిలో అధికారిణి వెంట వెళ్లి ఆ పిల్లను చూశాను. "ఈసారి కూడా వస్తారా? హారన్ కొట్టకుండా వస్తారా?" అని అడిగింది. సరేనన్నాను. బండి క్రోమియం అంతటికీ మెరవని బూడిద రంగు కొట్టించాను, చప్పుడు తగ్గే సైలెన్సరు పెట్టించాను. "వదినా, పెళ్లికూతురికి మసి పూశావు కదా" అని మా మరిది అన్నం మానేశాడు. ఒక పూటే లెండి. పిల్లకు ఆ బండి ఫోటో చూపించి, ఈ రంగు బండి తప్ప ఏది వచ్చినా తలుపు తీయకూడదని చెప్పి ఉంచాం.

4. షెడ్డులో అందరి ముందూ చదవవలసింది ఇది మాత్రమే:

"మా సంఘంలో ఎవరైనా పోతే, వారి బండిని తళతళలాడేలా తోమి, సీటు మీద వారి హెల్మెట్ పెట్టి, ఆ తర్వాతి ఊరేగింపులో అందరికన్నా ముందు నడిపించడం ఆనవాయితీ. ముగ్గురి బండ్లను అలా నేనూ తోమాను. నా బండికి ఆ మర్యాద వద్దు. రంగు గీకవద్దు. ఊరేగింపులో ముందు గాని వెనక గాని అది ఉండకూడదు. బండి ఇప్పుడు నా చెల్లెలి కూతురిది. దాన్ని ఎక్కడికి తీసుకెళ్లినా ఆమెను అడిగే హక్కు సంఘానికి లేదు. ఊరేగింపు మాత్రం ఆగకూడదు. నా మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆదివారం వేళకు బయల్దేరండి."

ఇది అమలుదారు గట్టిగా చదవాలి. మావాళ్లు ప్రేమతో చేసే పనిని ఆపడం చాలా కష్టం. నేను రేపు పోయి, మావాళ్లను ఎవరూ ఆపకపోతే, ఆదివారం నా బండి ఆ జీపుకు ముందు నడుస్తుంది, అక్కడ పిల్ల తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఈ వీలునామా రాయడానికి ఉన్న కారణం ఇదొక్కటే. లేకపోతే నా ఆస్తికి వీలునామా దండగ.

5. పక్కబండి వెనక బిగించి ఉండే ఇనుప పెట్టెను ఊడదీయించి తుడిపించాను. అది ఆ పిల్లకు చెందాలి. అదే ఈ ఏటి కానుక. లోపల కొత్త గుడ్డ అతికించాం. భుజానికి తగిలించుకునే పట్టీ ఉంది. రెండు తాళంచెవులూ ఆమెవే. మూడోది చేయించలేదు, ఎవరూ చేయించకూడదు. ఇక ఇల్లు మారాల్సి వస్తే సామాను ఇందులో వెళ్లాలి.

6. నేనుంటున్న రెండు గదుల వాటా నా చెల్లెలికి చెందాలి. ముందు గదిలో జీపు విడిభాగాలు పెట్టనివ్వకూడదు. ఒక్క టైరు లోపలికొచ్చిందంటే దాని వెనక ఇంజనూ వస్తుందని నీకు నేను చెప్పనక్కర్లేదు.

7. మా మరిదికి: ఆయన ఏటా నాకు బహుమతిగా ఇచ్చిన పాలిష్ డబ్బాలు మంచం కింద ఉన్నాయి. మూతలు తీయలేదు. అన్నీ ఆయనకే. నా కెమెరా ఇవ్వను, అది నా పాత ఆఫీసుకు పోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఈ మాటలు వింటున్నప్పుడు ఆయన కుప్పకూలిపోతాడు. అప్పుడు ఇది కూడా వినిపించాలి: మరిదీ, ఆ మనిషిని గేటు దాకా కదలకుండా తెచ్చింది నువ్వే. పోయిన ఏటి లెక్క నా వరకు తీరింది. ఆ పిల్ల సంగతి ఆమె ఇష్టం.

8. మా షెడ్డు మెకానిక్‌కు ఈ వీలునామాలో ఏమీ లేదు. సాక్షి సంతకం చేసేవాడికి వాటా ఉండకూడదు. అందుకే నా పానాల సెట్టు ఇందాకే చేతిలో పెట్టేశాను. "పెట్టుకోండమ్మా, వచ్చాక మీకే కావాలి" అంటూనే సంచిలో వేసుకున్నాడు.

9. నేను బతికితే ఈ కాగితం చింపేయవచ్చు. ఆదివారం ఏర్పాటు మారదు.

రేపు ఉదయం ఏడింటికి నన్ను లోపలికి తీసుకెళ్తారు. శనివారం మధ్యాహ్నంలోగా బండి షెడ్డు దాటుతుంది. ఆదివారం తొమ్మిదింటికి ఊరేగింపు హారన్లు కొట్టుకుంటూ మైదానం వైపు వెళ్తుంది. అదే వేళకు ఊరి మరో చివర, హారన్ కొట్టకుండా, బూడిద రంగు బండి ఒక ఇంటి ముందు ఆగుతుంది.

డిసెంబరు పంతొమ్మిది, గురువారం.

(సంతకం)
రిటైర్డ్ రిపోర్టరు

సాక్షులు:
1. (సంతకం) షెడ్డు మెకానిక్
2. (సంతకం) వార్డు నర్సు