పన్నెండు సిట్టింగులకూ తగ్గని ఫిర్యాదు

సైకోథెరపిస్టుల రిజిస్ట్రేషన్ మండలి కార్యదర్శి గారికి,

అయ్యా,

విషయం: మా క్లినిక్‌లోని జూనియర్ థెరపిస్టుకు "కోపం తగ్గినది" అని ధ్రువపత్రం ఇవ్వ నిరాకరించుట గురించి.

తమరు నాకు అప్పగించిన చికిత్స పూర్తయినది. ఆమె లిఖితపూర్వక అనుమతితో ఈ క్రింది సంగతులు విన్నవించుకొనుచున్నాను.

1. కొత్త పేషెంట్లను పంచే సమావేశంలో మా పెద్ద డాక్టరు గారు ఆమె ఎదుటనే, "ఈవిడకి వాళ్ళ రంగువాళ్ళనే పంపండి. ఈ ముఖం చూసి మనవాళ్ళు మనసేం విప్పుతారు?" అన్నారు. నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు. మాట్లాడనూ లేదు.

2. ఆమె ఫిర్యాదు చేసినది. తమ మండలి విచారణ జరపక, ఆమెకు "అతి సున్నితత్వం, కోపం" ఉన్నవని తేల్చి పన్నెండు సిట్టింగులు విధించినది. అన్నవారికి ఒక్కటీ విధించలేదు. కాలు తొక్కినవారిని వదిలి, అబ్బా అన్నవారికి మందు రాయుట ఏ పాఠ్యగ్రంథంలో ఉన్నదో తెలుపగోరుచున్నాను.

3. మొదటిరోజు ఆమె చేతిసంచి ఒళ్ళోంచి దించకుండానే, "ఏం చెప్తే సంతకం పెడతారో చెప్పండి మేడమ్, అదే చెప్తాను. పన్నెండు వారాలు ఇద్దరికీ ఎందుకు దండగ?" అన్నది. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఇంత ఆరోగ్యమైన మాట నేను వినలేదు.

4. మూడవ సిట్టింగులో నేనొక తప్పు చేశాను. "ఆయన ఉద్దేశం అది కాదేమో?" అని అడిగాను. ఆమె గోడ గడియారం వైపు చూసి, "ఈ మాట అడిగినవాళ్ళలో మీరు నాలుగోవారు మేడమ్. మెత్తగా అడిగినవాళ్ళలో మొదటివారు" అన్నది. ఆ తప్పును ఫైలులో నా పేరు మీదనే రాసుకొన్నాను.

5. ఆపైన ఆమె తన గురించి దిగులుపడలేదు. "రిజిస్ట్రేషన్ పోతే నా పదకొండుమంది పేషెంట్లనీ ఎవరు చూస్తారు? ఒకాయన ఏడు నెలలకి ఇప్పుడే నోరు విప్పాడు" అన్నది. నోరు విప్పిన ఆ పేషెంటు, పెద్ద డాక్టరు గారు "మనవాళ్ళు" అన్న కోవలోని మనిషే.

ధ్రువపత్రం లేనిచో నెలాఖరున ఆమె రిజిస్ట్రేషన్ రద్దగునని తమ లేఖ. ఆ పత్రం నేను ఇవ్వను. లేని జబ్బు నయమైనదని రాయుట అబద్ధం. ఆమె చెప్పినది జరిగినది. నేను అక్కడే ఉన్నాను. ఆనాడు మూసుకొన్న నా నోటికి బదులుగా నా వాంగ్మూలం జతపరిచాను. ఆమె రిజిస్ట్రేషన్ షరతులు లేకుండా కొనసాగించి, ఫిర్యాదును ఫిర్యాదుగానే విచారించవలెను. కాదన్నచో రద్దు జాబితాలో ఆమె పేరు కింద నా పేరు కూడా చేర్చగలరు.

సొరుగులో పడవేయక, చివరివరకు చదివి చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయురాలు,
సీనియర్ సైకోథెరపిస్టు

తా.క.: తమరు పంపిన ధ్రువపత్రం ఫారం ఖాళీగా తిప్పిపంపుట మర్యాద కాదని నింపాను. "రోగి" అన్నచోట తమ మండలి పేరు రాశాను. "లక్షణాలు" అన్నచోట: చెప్పినది వినబడదు. ఆమె సిట్టింగులకు వస్తూ ఉండిన బుధవారం నాలుగు గంటల వేళ ఇప్పుడు ఖాళీగా ఉంది. పెద్ద డాక్టరు గారిని వెంటబెట్టుకొని రండి. నేను అరవను, కుర్చీలు కూడా మెత్తనివే. "ఉద్దేశం అది కాదు" అన్న మాట మాత్రం చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రండి.