అచ్చం అలాంటి పెట్టె

షిచావ్,
మొదటి నెల పద్దెనిమిదో రోజు

చెల్లీ రుయిలాన్,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా? మంచు కరిగినచోట అడుగు చూసుకుని వెయ్యి. ఇది ముందు రాయకపోతే మిగతాది రాస్తూ మర్చిపోతానేమోనని భయం.

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. మనవరాలి నూరో రోజు విందుకి నేను వెళ్ళడం లేదు. కాళ్ళ నొప్పులని కబురు పెడతాను. పాప బట్టలు పార్సిల్లో పంపేస్తాను. అమ్మమ్మ లేని విందేమిటని నువ్వు తిడతావని తెలుసు. కానీ ఆ ఇంట్లో నా మొహం చూపించలేను.

చంటిపిల్లతో చలిలో రాలేనని మన పిల్ల యాన్‌లింగ్ ఈ ఏడు, ఆడపిల్లలంతా పుట్టింటికొచ్చే కొత్త సంవత్సరం రెండో రోజున రాలేదు. నలుగురికి సరిపడా పిండి కలిపేసి, ఒక్కదాన్నే మూడు రోజులు తిన్నాను. ఆరో రోజున నేనే బయలుదేరాను. ఊరికే వెళ్తామా? మా వీధి కొట్టతను లావ్‌మా దగ్గర అక్రోటు పాల డబ్బాల పెట్టె తీసుకున్నాను. టీవీలో వచ్చే నీలం పెట్టే. నేనేమైనా పెట్టె మీది సన్న అక్షరాలు చదివి కొనేదాన్నా, రంగు చూసి కొనేదాన్ని. అందుకే మూడుసార్లు అడిగాను, అదేనా అని.

"అదే వదినా! ఊరంతా దీన్నే మోసుకెళ్తోంది. చేతిలో పెట్టె కనబడాలి గానీ, విప్పి తాగేదెవరు?" అన్నాడు.

వియ్యపురాలు దాన్ని హాల్లో బల్ల మీద పెట్టింది. ఇంటినిండా చుట్టాలు. ఒకాయన పెట్టె తిప్పి చూసి పకపకా నవ్వాడు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుడు తల దించుకుని దాన్ని లోపలికి తీసుకెళ్ళిపోయాడు. మన పిల్ల మొహం కందిపోయింది. అప్పుడర్థమైంది, నేను తెచ్చింది అసలుది కాదని. బస్సు తప్పిపోతుందని చెప్పి, వేడి కుడుముల పళ్ళెం ముట్టకుండా వచ్చేశాను. నిజానికి బస్సు ఇంకో రెండు గంటలకు గానీ లేదు. రోడ్డు పక్కన నిలబడ్డాను.

పన్నెండు రోజులైంది. పిల్ల ఫోన్ చెయ్యలేదు. ఫోన్ పాడైందేమోనని లావ్‌మా చేత నాకొకసారి చేయించి చూశాను. బాగానే మోగింది.

నీ అక్క,
గుయిఝెన్


షిచావ్,
రెండో నెల నాలుగో రోజు

రుయిలాన్,

నీ ఉత్తరం అందింది. బాగా తిట్టావు. తిట్టడానికైనా నువ్వున్నావు, అదే చాలు.

మొన్న యాన్‌లింగ్ వచ్చింది. పాపను వీపున కట్టుకుని ఒక్కతే గుమ్మంలో నిలబడింది. అత్తవారు వెళ్ళగొట్టారేమో అనుకున్నాను.

"బట్టలు పార్సిల్లో పంపడమేంటమ్మా?" అంది.

"నీ పరువు తీశాను కదే. ఇంకే మొహం పెట్టుకుని రాను?"

"నువ్వు తీశావా!" అని అక్కడే కూలబడింది. "అది మా సరుకేనమ్మా."

నాకు బుర్రకెక్కలేదు. అల్లుడిది కూల్‌డ్రింకుల వ్యాపారం కదా అన్నాను.

"ఇదే ఆ వ్యాపారం. షెడ్డులో డబ్బాలు నింపేది మేమే, పెట్టెలు అతికించేది మేమే. అత్తగారూ అతికిస్తారు, నేనూ అతికిస్తాను. ఆ రోజు నవ్వింది మా చిన్నమావయ్య. ఊళ్ళకి లారీ తోలేది ఆయనే. మన సరుకు మన గుమ్మానికే వచ్చిందని నవ్వాడు, నిన్ను చూసి కాదు."

"ఏం పోస్తారే అందులో?"

"నీళ్ళు, చక్కెర, వాసన. విషమేం కాదులే."

"పాప పెద్దయ్యాక దానికీ ఇవే తాగిస్తావా?"

యాన్‌లింగ్ పాప టోపీ సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా. ఆ తర్వాత అంది:

"అసలుది కొనలేని పల్లెల్లోవాళ్ళూ నీలం పెట్టె పట్టుకుని తలెత్తుకు వెళ్ళొద్దా అంటారు మీ అల్లుడు. వింటే నిజమే అనిపించేది. నువ్వు అదే పెట్టె గుండెలకి హత్తుకుని, మంచు దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డావు చూడు, అప్పట్నుంచి పెట్టె అతికిద్దామంటే చెయ్యి ఆడట్లేదమ్మా. నీకు చేద్దామని ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. ఏమని చెప్పను?"

"ఇంట్లో ఎవరితోనైనా అన్నావా?"

"ఎవరితో అంటాను? అందరం తినేది దాని మీదే కదా."

రుయిలాన్, ఖాళీ ఇంట్లో ఉన్నది నేనని ఇన్నాళ్ళూ ఏడ్చుకున్నాను. పదకొండు మంది తినే ఇంట్లో అది నాకంటే ఒంటరిగా ఉంది.

బస్సెక్కుతూ నా చెయ్యి పట్టుకుంది. "విందుకి రా అమ్మా. వచ్చినవాళ్ళందరికీ ఆ పెట్టెలే ఇచ్చి పంపుతారు. పక్కన నువ్వుంటే చాలు నాకు."

రేపు వెళ్తున్నాను. ఏదైనా కొందామని కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్నీ తళతళలాడుతున్నాయి. ఏది ఏదో నాకేం తెలుస్తుంది? ఏమీ వద్దని లావ్‌మాకి చెప్పి వచ్చేశాను. చేతులూపుకుంటూ వచ్చిందని వాళ్ళు అనుకోవచ్చు. అనుకోనీ. దాని పక్కన కూర్చుంటాను. తిరిగొచ్చేటప్పుడు నా చేతిలో కూడా ఒక పెట్టె పెట్టబోతారు. అది మాత్రం తీసుకోను. తీసుకోకపోతే పిల్లని ఏమైనా అంటారేమోనని భయంగానే ఉంది. అయినా తీసుకోను.

నీ అక్క,
గుయిఝెన్