నువ్వు వేడి చూసిన నీళ్ళు

సుశీలా,

ఈ ఉదయం మా ప్రయోగశాల బర్రె ఈనింది. పెయ్యదూడ. గాజుపళ్ళెంలో మేము అండాన్నీ వీర్యాన్నీ కలిపి పెంచిన పిండం కడుపులో నిలిచి, ప్రాణంతో నేలమీద పడటం ఇదే మొదటిసారి. మిగిలిన పిండాలతో ఇక మూలకణాలు పెంచుదామని కుర్రాళ్ళు ఒకటే సంబరపడుతున్నారు. చూడాల్సినదానివి నువ్వు లేవు.

అప్పట్లో చిత్తూరు కబేళా నుంచి తిరుపతికి, అండాల కోసం, కోసిన బర్రెల అండాశయాలు తేవడానికి మన కాఫీ ఫ్లాస్కు నువ్వే తీసిచ్చావు. దారిలో అవి చల్లబడితే ఆ రోజు పనంతా వృథా. అందుకని తెల్లారే లేచి, ఉప్పునీళ్ళు గోరువెచ్చగా కాచి పోసేదానివి. నేను థర్మామీటరు ముంచబోతే నవ్వేదానివి.

"చెయ్యి పెట్టి సూడండి, తెలస్తాది. చంటిబిడ్డకు నీళ్ళు తోడేటప్పుడు యాడన్నా పుల్ల పెట్టి సూస్తారా?"

మనింట్లో చంటిబిడ్డకు నీళ్ళు తోడే పని రాలేదు. ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదామని నువ్వు అడిగినప్పుడల్లా, ఈ ప్రయోగం పూర్తి కానీ అన్నాను. కొన్నాళ్ళకు నువ్వు అడగడం మానేశావు.

ఇవాళ కొట్టం చూసుకునే మునెప్ప, దూడను తుడవడానికి బకెట్టుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

"వేడి సరిపొయ్యిందేమో రోంత చెయ్యి పెట్టి సూడండి సార్."

పెట్టాను. ఎంతసేపు ఉంచినా నాకు తెలియలేదు, సుశీలా. రెండో చేత్తో జేబులో థర్మామీటరు కోసం తడుముకున్నాను.