కొండ మీది దారికే టికెట్లు

ఏమండీ,

మీరు వెళ్లిపోయి ఈ రోజుకి రెండేళ్లు. పొద్దున్నే దీపం పెట్టి, మీకిష్టమైన పులిహోర చేశాను. తర్వాత నేనూ అమ్మాయీ మన పుంగ్గోల్ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరుచుకుని కూర్చున్నాం. రిటైరయ్యాక వెళ్దామని మీరంటూ ఉండే రైలు ప్రయాణం ఖాయమైంది. జూరిచ్‌లో ఎక్కి, ఆల్ప్స్ దాటి, మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్ చూసుకుంటూ నేపుల్స్ దాకా వెళ్తాం.

"ఫ్లైట్‌లో అయితే రెండు గంటలే కదమ్మా. ట్రైన్ చాలా స్లో లా!" అంది అమ్మాయి, ఈ ఊరి యాసలో.

"నాకిప్పుడు తొందరేముందే?" అన్నాను.

ఇరవయ్యేళ్లు ఈ ఊరి కింద మెట్రో సొరంగాలు తవ్వించారు మీరు. ఆల్ప్స్ కింద తవ్విన ఆ పొడవాటి సొరంగంలోంచి ఒక్కసారైనా వెళ్లాలని మీ కోరిక. అందుకే ఆ రైలుకి టికెట్లు తీయమన్నాను.

అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. "అది నాన్న డ్రీమ్. నీకేం చూడాలనుందమ్మా?"

ఆ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదండీ. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. మ్యాపులో ఆల్ప్స్ మీద వేలు పెట్టి, "కొండలు చూడాలనుందే," అన్నాను. సొరంగంలో ఉన్నంతసేపూ కిటికీలో కనిపించేది నా ముఖమే కదా!

మెలికలు తిరుగుతూ కొండెక్కే పాత లైను ఇంకా ఉందట. గంట ఎక్కువ పడుతుందట. దానికే తీయించాను, కిటికీ పక్క సీట్లు.

కోపం తెచ్చుకోకండి. తిరుగు ప్రయాణం మీ సొరంగంలోంచే. దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వాచీ చూసి మరీ చెబుతాను.

మీ
శారద